పేరు మీద భూమి

ఏప్రిల్ రెండో ఆదివారం, ఉస్మాన్‌గంజ్.
పొద్దున తొమ్మిదికే డాంబరు మెత్తబడ్డది.
సేటు బస్తాల ఇనుప గొట్టం గుచ్చి
పిడికెడు గోధుమలు నా దోసిట్ల రాల్చిండు.
ఒకటి పండ్ల కింద పెట్టిన.
టక్కుమన్నది.
"సీహోర్ మాల్ అమ్మా, వాన తాకనిది."
కిలో ముప్పై ఎనిమిది, యాభై కిలోల బస్తా.
రూపాయి తగ్గించమని భూమేష్ పట్టుబట్టిండు.
సేటు చాయ్ తెప్పించిండు.
రూపాయి తగ్గలేదు.
చాయ్ మాత్రం మంచిగున్నది.

మా ఇంటికి గోధుమ
డాక్టరు చీటీ పట్టుకొని వచ్చిన చుట్టం.
అంతకుముందు మూడు పూటలా అన్నమే.
మొదటి నెల నా రొట్టెలు చూసి
"ఇది ఏ జిల్లా పటం?" అని అడిగేటోడు భూమేష్.
ఇప్పుడు అడగడు. గుండ్రంగ వస్తున్నయని కాదు,
ఆకలైతదని.

బర్కత్‌పురాల రెండో అంతస్తు, కిరాయి.
డాబా మీద ఎండబోసుకొమ్మన్నడు ఓనరు,
నాలుగు కొట్టంగనే ఎత్తాలె అన్నడు.
రెండు పాత చీరలు పరిచినం.
పావురాలకు కావలి భూమేష్:
నీళ్ల ట్యాంకు నీడల కట్టె పట్టుకొని కూచున్నడు.
పది నిమిషాలల్ల కట్టె జారింది, గురక లేచింది,
పావురాలు చీర అంచు మీద
పేరంటానికొచ్చినట్టు దిగినయి.

కింది వాటాల తహ్సీన్ ఆపా మెట్లెక్కి వచ్చింది,
మోకాళ్లను తిట్టుకుంట.
నా చాట గుంజుకున్నది.
"భుజం ఎందుకు ఊపుతవు? మణికట్టు ఆడాలె.
గింజ నీ దిక్కు రావాలె, పొట్టు గాలి దిక్కు పోవాలె."
ఆమె చేతుల చాట మాట్లాడింది.
నా చేతుల వట్టిగ దగ్గింది.
పొట్టంతా పోయి పక్క బిల్డింగోళ్ల
తెల్లచొక్కా మీద వాలింది. మేం చూడనట్టే ఉన్నం.

ఏరంగ ఏరంగ పక్కన ఒక కుప్ప పెరిగింది:
రాళ్లు, గోనె నార, పేరు తెలువని నల్ల విత్తులు,
అన్నిటికన్న ఎక్కువ మట్టిబెడ్డలు.
కింది కిరాణంల తూకమేయించిన.
కిలో రెండు వందల గ్రాములు.
నలభై అయిదు రూపాయల అరవై పైసల మన్ను!
"రేపే పోయి సేటు మొకాన కొడ్త"
అని లేచిండు భూమేష్.

నేను ఒక బెడ్డ మీద నీళ్లు చల్లిన.
నల్లగ విచ్చుకున్నది.
ఎన్నడు చూడని ఊరి వాసన,
ఎవలో దున్ని, ఎవలో తొక్కి,
ఎవలో కోసుకపోయిన చోటు.

పదహారేండ్లల్ల ఏడు ఇండ్లు మారినం.
గజం లక్షంటరు ఈ పట్నంల.
పేరుల భూమి ఉన్నోడు
ఏ పట్టాలనూ లేడు.
"కొట్టుడెందుకు?" అన్న. "మనం కొన్నం.
రసీదు కూడ ఉన్నది."
కొంచెంసేపు నా దిక్కు చూసి
కూలబడి నవ్విండు.
కరేపాకు కుండీల నేనే పోసిన,
రాళ్లు ఏరేసి.

ఎండ వేడి పూర్తిగ చల్లారినంక ఎత్తినం.
వేడి మీద మూత పెడితే లోపల చెమట పడుతదట.
ఆపా చెప్పిన లెక్కన అరచేతుల్ల ఆముదం,
గింజ గింజకు తలంటినట్టు రుద్దినం.
నీడకు ఎండిన వేపాకు ఒక వరుస, గోధుమ ఒక వరుస.
రేకు డబ్బా ఇటుకల మీద,
గోడకు జానెడు ఎడం.
చేతులు మూడు రోజులు ఆముదం కంపే.
నాలుగో రోజు ఆ వాసన పోతే
ఏదో మర్చిపోయినట్టయింది.

జూలైల ముసురు పట్టింది.
కిరాయి పెంచుతున్న అని చెప్పనీకి ఓనరు పైకొచ్చిండు.
మాట అయినంక కుండీ దిక్కు చూసి
"ఏంది, గడ్డి మొలిచింది?" అన్నడు.
అయిదారు పచ్చటి పోగులు, వేలెడెత్తు.
"గడ్డి కాదు సార్, పంట"
అన్నడు భూమేష్, నవ్వకుండ.

ఆ రాత్రి కరెంటు పోయింది.
డబ్బా మూత తీసి
మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసిన.
ఇంకా సగం పైనే ఉన్నయి.
పురుగు లేదు.
ఉన్నా, చీకట్ల నాకేం తెలుస్తది.