మూడు మిస్డ్ కాల్స్

నా కొట్టు ఎంతని?
నిలబడితే తల తగిలే రేకు పెట్టె,
ఒక స్టూలు, చార్జింగు వైర్ల చిక్కు,
ఒక రిజిస్టరు.
కిసుములో, దుంగా ఒడ్డున
పడవల్లోంచి దిగిన ప్రతి షిల్లింగూ
ఈ కిటికీలోంచే ఫోన్లలోకి ఎక్కుతుంది.

నెరియా అవూర్ రోజూ పదకొండింటికి వస్తుంది.
చేతుల నిండా ఒమెనా పొలుసు.
గోరంత చేపలు, ఎండితే వెండి పొట్టు.
వేళ్ళు లెస్సుకు తుడుచుకుని
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తుంది.
కంపెనీ రూలు: పేరు, కార్డు నంబరు, సంతకం.
ఆమె సంతకమంటే ఒక పెద్ద ఎన్,
దాని వెనకాల చిన్న అల.

ఆ మంగళవారం అంది:
"తెలియని నంబర్లు, మూడు.
మోగుతాయి, ఆగుతాయి.
నేను చేస్తే ఎత్తుతారు, మాట్లాడరు.
ఊపిరి మాత్రం వినిపిస్తుంది."
అంటుండగానే మోగింది. ఆగింది. ఆమె చేసింది.
ఎందుకమ్మా, వదిలెయ్యరాదా అన్నాను.
"పిలిచిన మనిషికి పలక్కపోతే ఎట్లా?
నీళ్ళ మీద ఉన్నవాళ్ళదైతే?"

గురువారం మధ్యాహ్నం
ఆమె ఫోనులో సిగ్నలు గీతలు
ఒక్కసారిగా ఆరిపోయాయి.
సరస్సంతా గుర్రపుడెక్క కమ్మింది కదా,
టవరుకూ ఏదో కమ్మిందనుకున్నాం.
సిమ్ తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టింది.
నేనూ తీసి ఊదాను.

మేం ఊదుతున్నంతసేపూ
ఎక్కడో ఒక గొంతు
కంపెనీ వాళ్ళతో చెబుతూ ఉంది:
నేను నెరియా అవూర్‌ని. ఫోను నీళ్ళలో పడింది.
కార్డు నంబరు? చెప్పింది.
పుట్టిన సంవత్సరం? చెప్పింది.
ఈమధ్య మీరు ఎక్కువగా చేసిన నంబర్లు?
చెప్పింది, తన జేబులోవే, మూడూ.

ముప్పై ఎనిమిది వేల ఆరు వందలు.
పడవ మోటారు కోసం
పదకొండు నెలల పొలుసు.

స్టేషనులో బల్ల వెనకాయన
పిన్ను ఎవరికి చెప్పావని అడిగాడట.
"మొగుడిక్కూడా చెప్పలేదు."
గదంతా నవ్విందట.
ఆమెకూ నవ్వొచ్చిందట, అదే సిగ్గనిపించిందట.

ఆ రాత్రి కొట్టు కట్టేస్తూ
రిజిస్టరు మూయబోయి ఆగాను.
ఎప్పుడైనా మూశానా దీన్ని?
పొద్దున్నించి చీకటిదాకా కిటికీ మీద
వెల్లకిలా పడుకునే ఉంటుంది.
పేరు, ఫోను, కార్డు, ఎంత, ఎవరికి.
నీలం సిరాలో నా గుండ్రటి చేతిరాత.
బడిలో బహుమతి తెచ్చిన చేతిరాత.
గీత కొట్టి, వరస తప్పకుండా,
దొంగకు కూడా కళ్ళు నొప్పెట్టనివ్వని చేతిరాత.

ఆ ముందు వారం ఒక అమ్మాయి.
పసుపు గొడుగు, మంచి మాట.
నెట్‌వర్క్ దొరకట్లేదు ఆంటీ అని
చాలాసేపు ఇక్కడే నిలబడింది
ఫోను పైకెత్తి, కిందికి దించి.
ఎండలో ఎందుకమ్మా, లోపలికి జరుగు అన్నాను.
నా స్టూలు నేనే ఇచ్చాను.
ఆ అమ్మాయే అయి ఉండాలని లేదు.
నిజంగానే నెట్‌వర్క్ లేదేమో.
ఎవరైనా కావచ్చు.
తలుపు నాది, అది మాత్రం ఖాయం.

ఇప్పుడు రిజిస్టరు మీద తువ్వాలు పరుస్తున్నాను,
రాసే వరస ఒక్కటే కనిపించేట్టు మడిచి.
పుస్తకానికి చలేస్తోందా అని జనం వేళాకోళం.
నెరియా కూడా నవ్వింది.
ఆమెకు చెప్పలేదు.
రేపు చెబుదామనుకుంటాను,
పదకొండు కొట్టేసరికి
చిల్లర వెతకడంలో తల దించుకుంటాను.
ఇప్పుడామె దాచేది సగమే. మిగతా సగం
రొమ్ము దగ్గర గుడ్డలో కట్టుకుంటోంది.
అది తడిసిపోతుంది అంటాను.
"తడిస్తే ఆరబెట్టుకుంటాను" అంటుంది.

నిన్న ఆమె ఫోను మోగి ఆగింది.
తెలియని నంబరు.
నా వైపు చూసింది. సరస్సు వైపు చూసింది.
ఒడ్డుకు రావలసిన పడవలు ఇంకా రెండున్నాయి.
పొలుసంటిన బొటనవేలితో
పచ్చ బటన్ నొక్కింది.