కుడి ముందుకాలు

దుగ్గిరాల దాటి, పసుపు ఉడకబెట్టే పొగలోంచి
కాలవగట్టు పట్టుకుని పోతే కాకిదిబ్బ.
ట్రాక్టర్లు సగం తినేశాయి.
మిగిలిన సగానికి మేము తాళ్ళు కట్టాం:
నాలుగు గుంటలు, ఒక టార్పాలిన్, ఒక బోర్డు.
నా పని తవ్వడం కాదు, గీయడం.
గ్రాఫు కాగితం మీద పదోవంతుకి కుదించి
భూమి ఏది ఎక్కడ పెట్టుకుందో
దాన్ని అక్కడే పెట్టడం.

మూడో గుంటలో, పెంకుల పొర కింద
కట్టెపోగు దీనమ్మ తాపీ ఆగింది.
"రాయి కాదు సారూ. రాయైతే మోగుద్ది."

బ్రష్షులతో రెండు రోజులు.
ముందు ఒక కొమ్ము. తర్వాత ఇంకోటి,
రెంటి కొనల మధ్య బారెడు దూరం.
దున్నపోతు తల, తూర్పుకి చూస్తూ.
నొసటి మీద మసిపట్టిన ప్రమిద, బోర్లా.
దవడల మధ్య అడ్డంగా
ఎవరో కావాలని పెట్టిన ఎముక.

డైరెక్టరు గారు వంగి చూశారు, లేచి నడుం పట్టుకున్నారు.
కాకతీయుల నాటిదో, రెడ్డిరాజుల నాటిదో
పెంకుల్ని బట్టి తేలుతుందన్నారు.
"క్రతు సంబంధం కావచ్చు" అని రాయించారు.
మాకు అర్థం కానివన్నీ
ఆ సంచిలోనే వేస్తాం.

ఎముకలు చదివే అమ్మాయి పుణె నించి వచ్చింది.
"ముందుకాలు. కుడిది. కీలు అరగలేదు చూడండి,
ఇది కాడి మొయ్యలేదు, బండి లాగలేదు."
పని చెయ్యని దున్నని ఇన్నేళ్ళు
ఎవరు మేపారని ఆమె అనుమానం.

దీనమ్మ గంప దించింది.
"మాది చర్చి సారూ, మాకివన్నీ లేవు" అంది,
అంటే తెలుసని.
"అది దేవరపోతు. అమ్మోరి పేరున వదిలేస్తారు.
ఎవరి చేలో పడ్డా అదిలించేవాళ్ళు కాదంట.
ఊళ్ళో దెబ్బ తినకుండా తిరిగింది
అదొక్కటేనంట, మా తాత అనేవాడు."
నవ్వింది.
ఆ నవ్వుకి ఏ కొలబద్ద పెట్టాలో తెలీక
నేను పెన్సిలు చెక్కుకున్నాను.

"జాతర్నాడు ఒక్క వేటు.
కుడికాలు మోకాటికాడికి నరికి నోట్లో పెట్టేది,
కొవ్వు కళ్ళ మీద కప్పేది, పైన దీపం.
పెట్టే చేతులు మావే.
మరి ఒళ్ళేదని అడగరేంటి సారూ?"

నిజమే, ఎవరం అడగలేదు.
గుంటని మీటరు అటు, మీటరు ఇటు పెంచాం.
ఒక్క పక్కటెముక లేదు.

"తల అమ్మోరికి. ఒళ్ళు మా పేటకి.
వండుకున్నాం, మిగిలింది ఎండేసుకున్నాం.
తోలు డప్పుకి, ఊరి కాళ్ళ కింద చెప్పులకి.
ఇంక భూమిలో ఏం పెట్టమంటావు?"

ఏడొందల ఏళ్ళ కిందటి కూరని
మొన్న ఆదివారం దించినట్టు చెప్పింది, వండుకున్నాం అని.

మా పట్టికలో లోతుకి గడి ఉంది, దిక్కుకి ఉంది,
మట్టి రంగుకి కూడా ఉంది.
నమిలి మింగినదానికి లేదు.
మోగీ మోగీ చిరిగినదానికి లేదు.

ఆ రాత్రి తెనాలి లాడ్జిలో, ఫ్యాను గాలికి
కాగితం ఎగరకుండా చెంబు పెట్టి
తల వెనక చుక్కలు పెట్టాను.
మెడ, మూపురం దగ్గరి ఎత్తు, డొక్క,
చుక్కలు గుంట గోడ దాటి
పేట వైపు పోయాయి.

"ఆధారం లేనిది గీయకూడదయ్యా."
ఆయన తప్పేం మాట్లాడలేదు.
రబ్బరు పెట్టి చెరిపాను.
ఏటవాలు ఎండలో పట్టుకుంటే
గుంటలు పడ్డ కాగితం ఇంకా కనిపిస్తుంది.

తలని దూదిలో చుట్టి గుంటూరు పంపాం.
కాలు వేరే సంచిలో, వేరే నంబరుతో.
వ్యాను తలుపు మూస్తుంటే దీనమ్మ
కూలి కాగితం మీద వేలిముద్ర వేసి,
వేలు కొంగుకి తుడుచుకుంటూ అంది:

"నోట్లోంచి కాలు తీశారుగా సారూ.
ఇంక అది అరవొచ్చు."