రెండు బళ్లా, ఒకటా?

టెక్కలి నుంచి శ్రీకాకుళం షెడ్డు దాకా
కొబ్బరి లోడుకి కట్టే తాడే వేసి
లోకనాథం తాత అంబాసిడర్ని లాగేను.
ముందు నా పికప్పు,
వెనక స్టీరింగు పట్టుకుని ఆయన,
మధ్యన పన్నెండడుగుల నైలాను.

ఫోను స్పీకర్లో పెట్టమన్నాడు.
కోటబొమ్మాళి రాకముందే మొదలెట్టేడు.
"నీ బండిలో ఆ కుయ్యికుయ్యి ఏట్రా?"
బెల్టు పెట్టుకోలేదని, తాతా.
"బండి నిన్ను తిడతాదా!
నాది నలబయ్యేళ్లలో ఒక్క మాట అననేదు."

అనలేదు, నిజమే.
చెప్పకుండానే ఆగిపోయేది.
పాతపట్నం దారిలో పెళ్లికొడుకుతో సహా ఆగి
పెళ్లివారి బిందెడు నీళ్లూ రేడియేటరుకే తాగేసింది.
ట్యాంకు కారితే ఎర్రసబ్బు ముక్క మెత్తి,
ఫ్యాను బెల్టు తెగితే ఎవరిదో లంగాబొందు కట్టి
మళ్లీ బయల్దేరదీసేవాడు.

నా బండికి మొన్న పసుపు లైటు వెలిగింది.
బానెట్టు ఎత్తితే అన్నీ నల్లటి మూతలే.
విశాఖపట్నం నుంచి ఒక కుర్రాడొచ్చి
చేతికి మసి అంటకుండా లాప్‌టాప్ తగిలించి చదివేడు.
సెన్సారన్నాడు. ఆరువేలు తీసుకున్నాడు.
పోయిందేంటో, వచ్చిందేంటో
నాకిప్పటికీ తెలీదు.

అలాగని అంబాసిడర్ని ఏం పొగడను?
నాది టన్నున్నర కాయలేసుకుని
కవిటి నుంచి రాత్రికి రాత్రి దిగిపోతుంది.
ఏసీ ఉంది.
నెలకి పద్నాలుగువేల ఎనిమిదొందల కంతూ ఉంది.
ఏడో తారీకున ఫోను మోగితే
ఇంజను ఆపేసున్నా బండి ఒణికినట్టుంటుంది.

ఆయన బండిలో ముందు నలుగురు, వెనక ఐదుగురు,
డిక్కీలో ఒక మేకపోతు.
"నువ్వు ఈ ఎనక సీట్లోనే పుట్టినావురా,
పలాస గేటు పడిపోనాది ఆరోజు" అంటాడు.
టెక్కలిలో నా ఈడు వాళ్లందరికీ
అదే గేటు పడింది.

మడపాం టోలుగేటు.
నా అద్దం మీది స్టిక్కరు చూసి కర్ర లేచింది.
నేను దాటేను.
తాడు మీదకి దిగబోయి, కర్ర
గాల్లోనే ఆగింది.
బూత్‌లోంచి కుర్రాడు తల బయటపెట్టేడు.
"రెండు బళ్లా, ఒకటా?"
వెనక లారీల హారన్లు. నేను పర్సు తీస్తున్నాను.
తాత అద్దం హ్యాండిలు తిప్పి,
తిప్పి, తిప్పి, నిదానంగా కిందికి దించి
"ఒకటే గుంటడా,
ఇంజను కాస్త ముందరకెలిపోనాదంతే" అన్నాడు.

వంశధార వంతెన దిగుడులో తాడు వదులైంది.
ఇప్పుడు బ్రేకు నాది కాదు, ఆయనది.
ఇంజను ఆగితే నా బండి పెడలు రాయి.
ఆయనది ఆగిన ఇంజనుతోనే,
డెబ్బయ్యారేళ్ల కాలి బలంతో పడాలి.
ఫోన్లో మాటల్లేవు, ఊపిరొకటే వినపడుతోంది.
తాడు మళ్లీ మెల్లగా బిగిసింది.

షెడ్డు ముందు ముడి విప్పబోతే రాలేదు.
గోళ్లతో నేను, పంటితో ఆయన.
"కంతులింకా ఎన్నున్నాయిరా?"
ముప్ఫై ఒకటి.
ఆయనేమీ అనలేదు. బంపరు మీద కూర్చున్నాడు.
నేనూ కూర్చున్నాను, నా బంపరు మీద,
కత్తి కోసం వెళ్లిన మెకానిక్కు
టీ తాగి వచ్చేదాకా.