ఎల్లుండి పాఠం

మంగళవారం పదకొండింటికి
ఒంగోలు ఆసుపత్రి లెక్చర్ హాల్లోకి
చెంచమ్మ తనే నడిచొచ్చింది.
టంగుటూరు నుంచి ఆటో, తర్వాత లిఫ్టు, తర్వాత కుర్చీ.
తల దువ్వుకుంది. కొత్త జాకెట్టు.
నుదుటి మీద కాసంత బొట్టు.

బాగానే ఉందే, అని వెనక బెంచీ గుసగుస.
నాకు వినిపించింది.
ఆరేళ్ల కింద ఆ మాట అన్నవాణ్ణి నేనే,
ఓపీ చీటీ మీద, సంతకంతో సహా:
రక్తం బాగుంది. థైరాయిడ్ బాగుంది. గుండె బాగుంది.
మనిషి బాగాలేదని రాయడానికి
ఆ చీటీలో గడి లేదు.
నీరసం అని రాసి, బలం మాత్రలు రాసి,
పొద్దున్నే నడవమ్మా, ఒళ్లు వంచితే అదే పోతుంది, అన్నాను.
నడిచింది.
మూడు వారాలు నా మాట మీద గౌరవంతో నడిచింది.
నాలుగో వారం గడప దాటలేదు.
ఆ సంగతి నాకు మొన్నమొన్నటిదాకా తెలియదు.
మంచాన పడ్డవాళ్లు ఓపీ క్యూలో నిలబడరు కదా.

మీ పుస్తకంలో దీనికి ఎన్ని పంక్తులు? అనడిగాను.
ముందు వరసలో నిస్సీ వేలుపెట్టి లెక్కబెట్టింది.
ఆరు సార్.
ఆరోది, ఇంకో పేజీ చూడమని.

అప్పుడు చెంచమ్మ నవ్వింది.
ఇరవయ్యేళ్లు పొగాకు గ్రేడింగు చేసిన చేతులు
ఒళ్లో పెట్టుకుని చెప్పింది:

"మా కాడ ఆకుకి ఎన్ని పేర్లో తెలుసా అబ్బయా!
నిమ్మపండు రంగాకు, నారింజాకు, మచ్చాకు,
పచ్చ దిగనాకు, కాలినాకు, చిల్లాకు.
కళ్లు మూసుకుని వేళ్లతో చెప్తా.
అలుపుకి మాత్రం మీ కాడ ఒకటే పేరంట.
కూలి చేసొచ్చిన అలుపు నాకు తెలవదా?
అది కూడు తిని పడుకుంటే తెల్లారేసరికి దిగుద్ది.
ఆ జొరం పోయినాక వచ్చింది అది కాదు.
తల దువ్వుకుంటే రెండు పూటలు పోతాయి.
నిద్దర లేస్తే, నిద్దరే నన్ను తొక్కి పోయినట్టుంటాది.
దీపం గుచ్చుకుంటాది. గిన్నె మోత గుచ్చుకుంటాది.
మాట నోటిదాకా వచ్చి తన పేరు తనే మర్చిపోద్ది.
ఆకు పైన ఎండినట్టే ఉంటాది సారూ,
ఈనె ఇరిచి చూడాల.
ఈనెలో తడుంటే బేలు మొత్తం కుళ్లుద్ది.
నన్నెవురూ ఈనె దాకా చూళ్ళా."

పన్నెండు నిమిషాలు.
ఎవరో చప్పట్లు కొట్టబోయి, మోత గుర్తొచ్చి, ఆగారు.
హాజరు కాగితం నా బల్ల మీదికొచ్చింది.
క్లాసు అయిపోలేదు, అన్నాను.
మిగతాది ఎల్లుండి. వచ్చేవాళ్లు రండి.

వందమందిలో నలుగురు.
గురువారం, పల్లెవెలుగు బస్సు.
రోడ్డు పక్క బ్యారన్లు ఖాళీగా, గోడల మీద పాత మసి.
తలుపు దగ్గరే కూతురు సునంద
పెదాల మీద వేలు పెట్టింది.
చెప్పులతో పాటు మాటలూ బయట వదిలాం.

కిటికీకి గోనెపట్టా. కళ్ల మీద తడిగుడ్డ.
మంగళవారం నవ్విన మనిషి
నీళ్లగ్లాసు ఎత్తలేక చెంచాతో తాగుతోంది.
మాకోసం తొడుక్కున్న ఆ కొత్త జాకెట్టు
ఇంకా ఒంటిమీదే ఉంది,
విప్పే ఓపిక లేక.

ఒకమ్మాయి అలవాటుగా స్టెతస్కోపు తీసింది.
చూసింది. మళ్లీ జేబులో పెట్టుకుంది.

బయట, పంపు దగ్గర, ఆ వెనక బెంచీ అబ్బాయే అడిగాడు:
మనం పిలవకుండా ఉంటే
ఈరోజు ఆమె లేచి కూర్చునేది కదా సార్?
ఇరవయ్యారేళ్ల సర్వీసు.
జవాబు కోసం ఆ బోరింగు పంపు వంకే చూశాను.

సునంద బకెట్టు నింపుకుంటూ, తల ఎత్తకుండా అంది:
"వస్తానన్నది అమ్మే. మీరు బలవంతం చెయ్యలా.
వచ్చే ఏడు పిల్లలకి మాత్రం
మీ నలుగురే చెప్పండి.
అమ్మని పిలవొద్దు."

నలుగురూ తలూపారు.
నేనూ ఊపాను,
కాస్త ఆలస్యంగా.