మైనస్

జూన్ నెల. షెపార్టన్ చలి
ఆకు రాలిన పియర్ తోటల మీంచి నడిచొచ్చి
బడి జిమ్ములోకి నాకంటే ముందే చేరింది.

నిన్న సాయంత్రం దాకా బంతి ఎగిరిన నేల మీద
ఇవాళ నూట పన్నెండు బల్లలు.
పదో క్లాసు, మొదటి సెమిస్టర్, ఆఖరి పరీక్ష, లెక్కలు.
ప్రతి బల్ల మీదా బోర్లించిన ప్రశ్నపత్రం.
మేలిముసుగు వేసుకున్న పెళ్లికూతురు అని రాద్దామనుకున్నాను గానీ
అంత ముద్దుగా ఏమీ లేదు.
తల లోపలికి లాక్కున్న తాబేలులా ఉంది.

నా బూట్లకి రబ్బరు అడుగు.
ఇన్విజిలేటర్ నడక వినపడకూడదని
మొదటి రోజే చెప్పారు.
భీమడోలు కాలేజీలో పద్దెనిమిదేళ్లు
నేను వస్తున్నానంటే వరండా సర్దుకునేది.
సుద్దముక్క కంటే ముందు నా గొంతు బోర్డు మీద పడేది.
ఇక్కడ గంటకింత అని కట్టి
నా నిశ్శబ్దాన్ని కొంటున్నారు.

తొమ్మిదిన్నర.
నూట పన్నెండు కాగితాలు ఒక్కసారే తిరగబడ్డాయి,
పెద్ద చేపని ఒడ్డున పడేసినట్టు.
తర్వాత హీటర్ దగ్గు ఒక్కటే.

మూడో వరసలో రైలీ.
తెల్లారకముందే నాన్నతో పాలషెడ్డులో పని ముగించి వచ్చాడు,
చెవి వెనక ఇంకా ఒక గడ్డిపరక.
వాడి వెనక మర్జియా.
పెదాలు ఒక భాషలో కదులుతాయి,
చెయ్యి ఇంకో భాషలో రాస్తుంది.
ఆ సంగతి నాకు తెలుసు. నేనూ ఇప్పటికీ
సూపర్ మార్కెట్లో బిల్లు చూసుకుంటూ
ఏడెనిమిదులు యాభై ఆరు అనే అనుకుంటాను.
చివరి వరసలో ఒకడు మార్జిన్‌లో పిల్లిని గీస్తున్నాడు.
మంచి పిల్లే. మీసాలు కూడా సరిగ్గా కుదిరాయి.

ఏడో ప్రశ్న.
రైలీ బల్ల పక్కన నా కాలు ఆగింది.
మూడో లైన్లో మైనస్ ఉంది.
నాలుగో లైన్లో లేదు.
అక్కణ్ణుంచి పేజీ చివరిదాకా
ఒక్క పొరపాటు లేదు,
ఎక్కకూడని రైలెక్కి
టికెట్టు మాత్రం భద్రంగా పట్టుకున్నవాడిలా.

పద్దెనిమిదేళ్లూ వచ్చి నాలిక చివర నిలబడ్డాయి:
ఒరేయ్, గుర్తు చూసుకో.
మూడే మాటలు.
నీళ్లు లేకుండా మాత్ర మింగినట్టు మింగి
ముందుకి నడిచాను.
మర్జియా చెయ్యెత్తింది, ఇంకో కాగితం కావాలట.
ఇచ్చాను. ఇవ్వగలిగింది అదొక్కటే కాబట్టి
కొంచెం ఎక్కువ ప్రేమగానే ఇచ్చానేమో.

మళ్లీ తిరిగి వచ్చేసరికి
రైలీ జవాబు చుట్టూ స్కేలుతో గడి కట్టాడు,
కింద రెండు గీతలు కొట్టాడు.
ఇందులోంచి బతుక్కి ఏదో పాఠం లాగొచ్చు.
లాగను.
అది మైనస్. రెండు మార్కులు. అంతే.

పెన్నులు కింద పెట్టమన్నాక
గది ఒక్కసారిగా పదిహేనేళ్లది అయిపోయింది.
తలుపు దగ్గర తోపులాట, ఎవరిదో సీసా దొర్లడం,
‘నాలుగోది నువ్వెలా చేశావ్?’ అని అరుపులు.
జాకెట్టు మరిచిపోయిన రైలీ వెనక్కి వచ్చాడు.
‘మిస్, ఏడోది దారుణంగా ఉంది కదా?
నాకు పద్నాలుగొచ్చింది.’
నేను లెక్కలు చెప్పినదాన్నని వాడికి తెలీదు.
జాకెట్టు అందిస్తూ
‘చెవి వెనక గడ్డి ఉంది, తీసేసుకో’ అన్నాను.
నవ్వుతూ తీసి జేబులో పెట్టుకున్నాడు, ఎందుకో.

బల్లల మీద రబ్బరు పొడి తుడిచాను.
కాగితాలు నంబర్ల వరసలో పేర్చాను.
కారు అద్దం లోపలంతా మంచు పట్టి ఉంది.
తాళం తిప్పకముందు
వేలితో ఆ నాలుగో లైను రాశాను,
మైనస్‌తో సహా, పెద్దగా,
వెనక వరసకి కూడా కనపడేలా.

హీటర్ వేడెక్కుతూ అక్షరాల్ని ఒక్కొక్కటే తినేసింది.
ఆ చిన్న అడ్డగీత మాత్రం
ట్రాఫిక్ లైటు దాకా నాతో వచ్చింది.