ప్రూఫు

అరండల్‌పేటలో మాది చిన్న డీటీపీ షాపు.
పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు,
ఎలక్షన్లప్పుడు కరపత్రాలు.
సన్మాన పత్రాలకైతే విశేషణాలు ముందే కొట్టి ఉంచుతాను,
పేరు మార్చుకుంటే చాలు.

బెజవాడ నించి ఫోనొచ్చింది.
చదువునీ ఆలోచననీ జనంలోకి తీసుకెళ్ళినవాళ్ళు
రాష్ట్రం మొత్తమ్మీద ఏడుగురట,
మీ గుంటూరావిడ ఒకరు,
శనివారానికి ఫ్రేము కట్టాలన్నారు.
పేరు: షేక్ కాశింబీ.
వృత్తి దగ్గర గడి ఖాళీగా వదిలారు.

ప్రూఫు చూసుకోడానికి తనే వచ్చింది.
కూర్చోగానే నాకు మూడు తుమ్ములు.
"నా చీరే నాయనా," అంది,
"ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నించి తిన్నగా వస్తన్నా."

విద్యాజ్యోతి, విజ్ఞాన ఖని, అక్షర తపస్విని...
నేను చదువుతుంటే
నా బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుంది.
ఒక్కో మాటనీ తొడిమ తుంచినట్టు తుంచింది.
"ఇది తాలు. ఇదీ తాలే.
ఇది, రంగు బానే ఉంది గానీ గింజ లేదు."

మరేం రాయమంటావమ్మా, అన్నాను.

షెడ్డులో నలభై మంది కూచుని మిరపకాయలు ఒలుస్తంటే
ఒకరు చదవాలి.
ఆ ఒకరి వంతు కాయలు తక్కినవాళ్ళు పంచుకోవాలి.
అదీ కట్టుబాటు.
మొదటిరోజు చదివింది బెల్లం పొట్లం కాగితం,
సగంలో తెగిపోయిన కథ.
మిగతా సగం ఏమై ఉంటుందని వారం రోజులు తగువు.
మార్తమ్మ చెప్పిన ముగింపుని
ఇప్పటిదాకా ఎవరూ ఓడించలేదు.
తర్వాత పేపరు, రాజ్యాంగం, గ్రహణాల సంగతి,
వీలునామాలో మెలిక ఎక్కడుంటుందో,
తమ పేటకి ఆ పేరెందుకొచ్చిందో
ముసలాళ్ళని అడిగి అడిగి
కాటా చీటీల వెనక రాసుకున్న చరిత్ర.

"చదివింది నేను. అడిగింది వాళ్ళు.
అడిగేవాళ్ళు లేందే చదువేంటి, ఫ్యాను చప్పుడు.
రాయి మరి."
మార్తమ్మ, సుబ్బాయమ్మ, జాన్‌బీ,
ఎల్లమంద కూతురు అచ్చమ్మ,
చూపు పోయినా తడిమి తాలు ఏరే పేరిందేవి...
ముప్పై తొమ్మిది పేర్లు.
ఎనిమిది పాయింట్లకి దించితే గానీ పట్టలేదు.
మరి మీ పేరు?
"అందరికన్నా కింద. చదివిన మనిషి అని."

శనివారం నేనూ వెళ్ళాను.
గవర్నర్‌పేటలో ఏసీ హాలు.
మంత్రిగారి కోసం గంటన్నర చూశారు.
యాంకరమ్మాయి పత్రం అందుకుని
విశేషణాల కోసం పైనించి కిందికి వెతుక్కుని
చేసేది లేక పేర్లు మొదలెట్టింది.
ఒక్కో పేరుకీ వెనక వరసల్లోంచి "ఆఁ" అని ఎవరో పలికారు.
రెండు పేర్లకి పలకలేదు.
ఆ రెండుసార్లూ వేదిక మీంచి కాశింబీ పలికింది.
శాలువా కప్పుతూ పెద్దాయన తుమ్మాడు.
ఆయన పక్కాయనా.

బిల్లు ఇంకా రాలేదు, నూట ఎనభై.
విశేషణాల ఫైలు కంప్యూటర్లో అలాగే ఉంది.
నిన్నెవరో పత్రం కావాలని వస్తే
తెరిచి, కాసేపు చూసి,
ఆ పెద్దమనిషి రోజూ ఏం చేస్తుంటారండీ, అని అడిగాను.