వెంట్రుకవాసి

లిక్సెలేలో జనవరి. మైనస్ ఇరవై ఏడు.
గరాజు తలుపు సందుల్లో మంచు పీచులా పేరుకుంది.
శ్మశానం కాపలాదారు దగ్గర కొన్న పాత వోల్వో,
నలుచదరపు బండి, నాకంటే నాలుగేళ్ళే చిన్నది,
పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు
బానెట్ తెరుచుకుని ఉంది.

మూడో పిస్టన్ నా అరచేతిలో.
ఎలుక కొరికిన సబ్బుబిళ్ళలా అంచు విరిగి.
ఎలుకను నేనే.

తుక్కు కొట్టులో ఆరువందల క్రోనాలకు టర్బో దొరికింది.
నత్తగుల్ల లాంటి డొక్కు, లోపల వేలెడు చక్రం.
ఇంజన్ వదిలేసిన ఊపిరే ఆ చక్రాన్ని తిప్పుతుంది,
అది కొలిమితిత్తిలా కొత్త ఊపిరిని లోపలికి తోస్తుంది.
ఎంగిలి గాలితో బలం!
ఇంత చవక బేరం లోకంలో మరోటి లేదనుకున్నాను.
గాలి పెంచితే పెట్రోలూ పెంచాలని
పుస్తకంలో ఉంది.
ఆ పేజీ దాకా నేను వెళ్ళలేదు.

స్టూరుమాన్ రోడ్డు. రెండువైపులా నల్లటి స్ప్రూస్ గోడలు.
ముల్లు ఎర్రగీత దాటింది.
సీటు వచ్చి వీపుని తన్నింది.
కేక పెట్టాను, అబద్ధమెందుకు.
అప్పుడే వినిపించింది
రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు.
మంచుపెళ్ళలు కింద తగులుతున్నాయి అనుకున్నాను.
అలా అనుకోవడం హాయిగా ఉంది.
రేడియో గొంతు పెంచాను.

పదకొండు కిలోమీటర్లకి నీలం పొగ.
ఆ తరవాత నిశ్శబ్దం.
ఆ తరవాత దుంగల లారీవాడి తాడు.

గున్‌వోర్‌కి డెబ్బై ఒకటి.
రంపపు మిల్లు వెనక షెడ్డులో ఆమె, ఆమె లేత్.
"ఏం వినిపించింది?"
"ఏమీ వినిపించలేదు."
నా ఇంజన్ బ్లాకుకి కట్టిన అట్టముక్క మీద
యజమాని పేరు రాయాల్సిన చోట
పెన్సిల్‌తో రాసింది: చెవిటివాడు.
ఏప్రిల్ దాకా ఆ అట్ట అక్కడే వేలాడింది.
వచ్చిపోయేవాళ్ళంతా చదివారు.

రింగులు నేనే ఎక్కించానని గొప్ప చెప్పుకున్నాను,
కొసలు రెండూ ఇంచుమించు ముద్దుపెట్టుకునేంత దగ్గరగా.
బిగువే కదా బలం.
"చలిలో కొలిచావు," అంది.
"వేడెక్కితే ఇనుమూ పెరుగుతుంది.
చోటు లేకపోతే పక్కదాన్ని విరుస్తుంది."
ఆకురాయి తీసింది. రింగు కొస మీద
ఒకే వైపు, లోపలికే, రెండు రాపిళ్ళు.
సిలిండర్లో పెట్టడం. సన్నరేకు దూర్చి చూడడం. తీయడం. మళ్ళీ.
వెంట్రుకవాసి.
ఇంకో వెంట్రుకవాసి.
ఆ సాయంత్రమంతా ఇద్దరం కూర్చుని
ఖాళీని తయారుచేశాం.

తలకట్టు బోల్టులు నడిమి నుంచి బయటికి, మూడు దఫాలుగా.
"మా ఆల్ఫ్ ఒక్క దఫాలో బిగించేసేవాడు," అంది,
"విరిగినవి నేను తవ్వి తీసేదాన్ని. ముప్ఫై ఏళ్ళు."
బల్ల మీద రెండు కళ్ళజోళ్ళున్నాయి.
ఆమె పెట్టుకునేది ఒకటే.

మేలో స్టార్టయింది. ముందు నూనె తిరగనిచ్చి,
దీపం ఆరాక నిప్పురవ్వ ఇచ్చి.
వెయ్యి కిలోమీటర్లు ఎనభై దాటకుండా నడిపాను.
స్కూలు బస్సు నన్ను దాటిపోయింది,
వెనకసీటు పిల్లలు నాలుకలు చాపారు.

ఇప్పుడు ఇంటికొచ్చాక వెంటనే తాళం తిప్పను.
చక్రం ఇంకా తిరుగుతుంటుంది, ఒళ్ళు కాలుతూ;
నూనె ఆగితే అక్కడే మాడి అంటుకుపోతుంది.
ఒక్క నిమిషం. చేతులు ఒళ్ళో పెట్టుకుని.
ఎదురింటి ఎబ్బా తెర తొలగించి చూస్తుంది,
లోపలికెళ్ళడం ఇష్టంలేని మనిషనుకుంటుందేమో.

నిన్న వంతెన ఎక్కుతుంటే కింద ఎక్కడో టక్కుమంది.
కాలు తీసేశాను.
గులకరాయి. నిజంగా గులకరాయే.
అయినా దిగి,
మోకాళ్ళు తడిసేలా వంగి,
చూశాను.